పంతొమ్మిదో స్టేషన్ మీద మూడో పిలుపు

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. "సార్, ఈ మిషన్లేవీ లేని కాలంలో అంతంత కొండలు ఎట్లా కొలిచారు సార్?" అని నోళ్ళు తెరుచుకుని అడుగుతారు. టీ తాగిస్తాను, పాత బొమ్మలు చూపిస్తాను, పంపించేస్తాను. కొలవడం పెద్ద విద్యేమీ కాదు. కళ్ళు, ఓపిక ఉన్నవాడెవడైనా ఆరు నెలల్లో నేర్చుకుంటాడు.

నాకు ఎవరూ నేర్పని పని ఒకటుంది. కొండ మీద తోటి మనిషిని ఎట్లా పిలవాలి అన్నది. నేర్పబోయిన మనిషి ఒకడు ఉండేవాడు. అతని నోరు నేనే మూయించాను. దానివల్ల అతని ప్రాణమే పోవలసింది. ఎట్లా పోలేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, పింఛను కాగితాల గొడవ ఎవరికీ అక్కరలేదు, వదిలేస్తున్నాను.

పలికితేనే లెక్క

మా నాయన ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వాళ్ళకు తరాజులు సరిచేసేవాడు. గురిగింజలో సగం తేడా ఉన్నా ఆయన వేలికి తెలిసిపోయేది. "బాషా, ఒకసారి చూసి నమ్మినోడు తరాజు ముట్టకూడదు" అనేవాడు. ఆ మాట పట్టుకునే నేను సర్వేలో నెట్టుకొచ్చాను.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ఉద్యోగంలో చేరాను. మా పని చెప్పుకోవడానికి చాలా తేలిక. ఒక కొండ నెత్తిన బండ మీద గుండ్రంగా గీసి మధ్యలో చుక్క చెక్కుతాం. అదే స్టేషన్. ఆ చుక్క మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, పైన కోణాలు చూసే దుర్భిణి యంత్రం బిగిస్తాం. ఎదుటి కొండ మీద మరో మనిషి చేతిలో అద్దం పట్టుకుని ఎండను మావైపు తిప్పుతాడు. ఇరవై మైళ్ళ అవతల నుంచి కూడా ఆ వెలుగు చుక్కలా కనపడుతుంది. దాన్ని పట్టుకుని కోణం చదువుతాం.

చదివేవాడు అంకె గట్టిగా అరవాలి. రాసేవాడు రాస్తూ అదే అంకెను తిరిగి పలకాలి. తిరిగి పలకని అంకెను కొట్టేయాలి. మా మొదటి సూపరింటెండెంటు కోస్తా ఆయన, సోడాబుడ్డి కళ్ళద్దాలు. మా యాస వింటే ఆయనకు నవ్వాగేది కాదు. "మీ కడప వాళ్ళు 'ఆ' అన్నా కొట్లాటకు పిలిచినట్టే ఉంటుందయ్యా" అనేవాడు. కానీ పలకకపోతే మాత్రం పుస్తకం లాక్కుని అవతల పారేసేవాడు. నేను చూసిన పైఅధికారుల్లో ఆయనంత మంచివాడు లేడు. పిలిస్తే పలకాలి, వెంటనే పలకాలి అన్నది నా నెత్తికి ఎక్కించింది ఆయనే. ఆ మంచి పాఠాన్నే పట్టుకుని నేను చెడ్డ పని చేశాను.

గండికోట ఎదుటి కొండ

ఓబులేసు మా సర్వే పార్టీలో అద్దం పట్టే మనిషి. పులివెందులకు మూడు మైళ్ళ దూరంలో ఒక పల్లె. గొర్రెలు కాచే కుటుంబం. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. మండు వేసవిలో కూడా నల్ల గొంగడి భుజం మీద ఉండాల్సిందే. ఎంత దూరం నుంచి చూసినా ఆ నల్లమచ్చను బట్టి ఓబులేసు అని చెప్పేసేవాళ్ళం. ఒక్కడే కొండ మీద మూడు రోజులు ఉండమన్నా కిమ్మనకుండా ఉండేవాడు. అద్దం పట్టేవాళ్ళలో అది అరుదు. చాలామంది రెండో రోజుకే దిగి వచ్చేస్తారు.

ఆ రోజు జమ్మలమడుగు దగ్గర, గండికోట లోయకు ఇవతలి కొండ మీద ఉన్నాం. మిట్టమధ్యాహ్నం. కింద పెన్న ఇసుక తప్ప నీళ్ళు లేవు. ఎండకు రాళ్ళు టప్‌మని పగులుతుంటే ఆ చప్పుడు లోయలో తిరిగి తిరిగి వినపడుతోంది. ఓబులేసు బండల అవతల అంచు దగ్గర జెండా పాతడానికి వెళ్ళాడు. కోణాలు చదవడం మొదలుపెట్టబోతూ అతణ్ణి ఒకసారి పిలిచాను.

పలకలేదు.

ఆ అంచు కింద మూడువందల అడుగుల లోతు. యంత్రాన్ని వదిలేసి పరుగెత్తాను. ఓబులేసు బండ నీడలో మోకాళ్ళు ముడుచుకుని నింపాదిగా కూర్చుని ఉన్నాడు. మొహం మాత్రం నేను వచ్చిన వైపే ఉంది.

"ఏంరా, ఇనపడలేదా?"

"ఇనపడింది."

"మరి యాల పలకలేదు?"

"ఒక్కతూరే పిలిస్తివి గదప్పా."

అంతలో వెనుక నుంచి ధన్‌మని చప్పుడు. గాలికి స్టాండు పడిపోయింది. యంత్రం ఒక కాలు వంగింది. పొద్దున్నుంచి చేసిన పనంతా పోయింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఓబులేసు మాత్రం చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

"కొండ మీద ఒక్కతూరి పిలిచేది మనిషి అని యాడుంది? మనిషైతే మూడుతూర్లు పిలుస్తాడు. దానికి ఒకటొస్తాది, తిప్పలు పడితే రెండొస్తాది. మూడోది దానికి రాదప్పా. గొర్లు కాసేటోల్లం, మేము మూడుతూర్లు ఇంటేనే పలికేది."

"దానికి అంటే దేనికిరా?"

"పేరుంటే చెప్పనా?" అన్నాడు.

తర్వాత వాళ్ళ అన్న సంగతి చెప్పాడు. అన్న పేరు నర్సింహులు. పులివెందులకు దక్షిణాన కొండల్లో అన్నదమ్ములిద్దరూ మంద మేపుతుంటే, ఇట్లాగే మిట్టమధ్యాహ్నం, అన్నను ఎవరో పేరు పెట్టి ఒకసారి పిలిచారట. తమ్ముడే పిలిచాడనుకుని "ఆ, వస్తాండా" అని లేచి వెళ్ళాడట. ఓబులేసు అప్పుడు పక్క వాగులో గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. పిలవలేదు. సాయంత్రానికి మంద ఇంటికి వచ్చింది, నర్సింహులు రాలేదు. పల్లె పల్లెంతా పది రోజులు వెతికినా కాలి చెప్పు కూడా దొరకలేదు.

నేను నవ్వాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ నవ్వాను. మా అమ్మ దర్గాలో కట్టించిన తాయెత్తునే తెంపి పారేసినవాణ్ణి, నాకు ఇదొక లెక్కా? మర్నాడు పార్టీ అందరి ముందూ ఓబులేసును నిలబెట్టి, పది సార్లు పేరు పెట్టి పిలిచి, పది సార్లూ మొదటి పిలుపుకే "ఆ, వస్తాండా" అనిపించాను. అందరూ పడీపడీ నవ్వారు. అతను తల వంచుకుని పదిసార్లూ పలికాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు కలిసి తిరిగినా మళ్ళీ ఆలస్యం చేయలేదు. నా శిక్షణ గొప్పదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

చెన్నమ్మ అడిగింది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్ళకు నన్ను హిమాలయాల్లో పనిచేసే పార్టీకి వేశారు. నమ్మకమైన అద్దం మనిషిని వెంట తెచ్చుకోవచ్చు అన్నారు. మరో ఆలోచన లేకుండా ఓబులేసు పేరు రాసి పంపి, అతణ్ణి తీసుకుపోవడానికి వాళ్ళ పల్లెకు వెళ్ళాను.

అతని భార్య చెన్నమ్మ దొడ్లో జొన్నరొట్టెలు కాలుస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఆడ మంచు పడతాదంట గదా నాయనా. మనోల్లు తట్టుకుంటారా?"

"నేనూ పోతాండా గదమ్మా."

"నువ్వు పోతే ఈయప్పకు ఎచ్చగా ఉంటాదా?" అంది. నవ్వలేదు. రొట్టె తిప్పి మళ్ళీ అంది. "ఆయప్ప నీ మాటకు ఎదురు చెప్పడు. నువ్వు మాన్పించినావంట, ఒక్క పిలుపుకే పలుకుతాండాడు. ఈడంటే మన కొండలు. ఆడ యావి ఉంటాయో యేమో. నువ్వు పిలిస్తే మూడుతూర్లు పిలువు నాయనా. అంతకు మించి నేనేం అడగను. ఇద్దరు పోతాండారు, ఇద్దరూ రావల్ల."

"అట్లనేలే" అన్నాను. బస్సుకు ఆలస్యమవుతోందని అన్నాను గానీ మనసుకు పట్టించుకోలేదు.

నడిచే కొండ

ఆ శిఖరానికి పేరు లేదు. మా పుస్తకాల్లో పంతొమ్మిదో స్టేషన్, అంతే. ఎత్తు ఇరవై వేల అడుగులకు కాస్త తక్కువ. ఎక్కడానికి తాళ్ళూ మేకులూ అక్కరలేదు, గోడలాంటి చోటు ఒక్కటీ లేదు. కింద రాళ్ళ వాలు, పైన మంచు వాలు, నెత్తిన రెండు మూపురాలు. మా పార్టీ ఆఫీసరు ఉత్తరాది మనిషి. దుర్భిణిలో చూసి, "ఇది నడిచే కొండ. ఊపిరి ఉన్న ప్రతివాడూ ఎక్కవచ్చు" అని తేల్చేశాడు. ఇద్దరు మనుషులు చాలన్నాడు. తాడు బరువు దండగ అని కిందే ఉంచేయమన్నాడు.

ఇప్పుడు సరదాకు ఇలాంటి కొండలు ఎక్కే పిల్లలకు ఒక మాట చెబుతాను. కష్టమైన కొండ మీద మనిషి ప్రతి అడుగుకూ భయపడతాడు, ఒకరినొకరు కట్టుకుంటారు, అందుకే బతుకుతారు. నడిచే కొండ మీద ఎవరి దారిన వాళ్ళు నడుస్తారు. మేమూ అదే చేశాం. నిజంగా కుదురైన ఆఫీసరైతే తాడు ఇచ్చి పంపేవాడు. కుదురైన సర్వేయరైతే ఇవ్వకపోయినా అడిగేవాడు. నేను అడగలేదు.

పన్నెండు రోజులు మెల్లమెల్లగా ఎక్కుతూ, దిగుతూ, ఒళ్ళు అలవాటు చేసుకున్నాం. పదహారు వేల అడుగుల దగ్గర ఆఫీసరు గుడారం వేసుకుని రెండో యంత్రంతో కూర్చున్నాడు. మేము పైకి ఇంకో రెండు మజిలీలు వేసి, ఆఖరి రోజు తెల్లవారగానే బయలుదేరాం. చిన్న యంత్రం నా వీపు మీద, జెండా కర్ర, అద్దం ఓబులేసు దగ్గర. అధికారులిచ్చిన కోటు మీద మళ్ళీ నల్ల గొంగడి కప్పుకున్నాడు. "నవ్వుతారురా" అంటే, "ఎవురున్నారప్పా ఈడ నవ్వేదానికి?" అన్నాడు.

ఆ మాటతో నాకు మొదటిసారి ఆ చోటు మీద భయం వేసింది. నిజంగానే ఎవరూ లేరు. పిట్ట లేదు, ఈగ లేదు, గడ్డిపోచ లేదు. మన కొండల్లో ఎంత ఎండలోనైనా తొండైనా కదులుతుంది. ఇక్కడ చప్పుడంటూ ఉంటే అది మా బూట్లది, మా ఊపిరిది. ఇరవై అడుగులు వేయడం, కర్ర మీద వాలి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ ఇరవై. ఆగినప్పుడు కూడా వెనుక నుంచి ఒకటి రెండు అడుగుల చప్పుడు ఎక్కువగా వినపడినట్టు ఉండేది. రక్తం చెవుల్లో కొట్టుకోవడమేనని నాకు తెలుసు. ఓబులేసు మాత్రం ఆగిన ప్రతిసారీ వెనక్కు చూసేవాడు.

"ఏం చూస్తాండావు?"

"ఏం లేదులేప్పా. నడు."

నేను పిలవని పిలుపు

పదకొండు దాటాక పైకి చేరాం. ఇవతలి మూపురం మీద మాత్రమే బండ బయటపడి ఉంది. నేను అక్కడ చుక్క చెక్కి యంత్రం నిలబెట్టాను. జెండా అవతలి మూపురం మీద ఉండాలి, అటువైపు లోయలోని పార్టీకి కనపడాలి కాబట్టి. రెండింటికీ మధ్య వంద అడుగుల నడక ఉంటుంది. చదునైన మంచు, చిన్నపిల్లవాడైనా నడుస్తాడు.

"జెండా పాతి ఆడనే ఉండు. నా పని అయినాక పిలుస్తా. పిలిచినాక రా" అన్నాను. సర్వేలో ఎక్కడైనా పద్ధతి అదే, జెండా మనిషి పిలిచేదాకా కదలకూడదు.

"అట్లనే" అని వెళ్ళాడు. జెండా లేవడం చూశాను. పక్కన నల్ల గొంగడి కనపడుతోంది. నేను యంత్రంలో కన్ను పెట్టాను. నాలుగు కోణాలు చదివాను. నేనే అరుచుకుని, నేనే తిరిగి పలికి, నేనే రాసుకున్నాను. ఐదోది చదువుతుండగా దుర్భిణిలో అంతా తెల్లగా అయిపోయింది. అద్దం మీద ఊపిరి పట్టిందనుకుని తుడిచాను. తల ఎత్తి చూస్తే యంత్రం కాళ్ళు తప్ప ఏమీ లేదు. మబ్బు కింద నుంచి లేచి మమ్మల్ని మింగేసింది. ఆకాశం లేదు, నేల లేదు, జెండా లేదు. నా చెయ్యి చాపితే గ్లవుజు మసగ్గా కనపడుతోంది.

కంగారు పడలేదు. ఇలాంటివి వస్తాయి, పోతాయి. పెన్సిలు జేబులో పెట్టుకుని, ఓబులేసును పిలవాలా, కాసేపు ఆగాలా అని ఆలోచిస్తున్నాను. గట్టిగా అరవాలంటే ముందు నాలుగైదు సార్లు ఊపిరి కూడగట్టుకోవాలి, అదీ అక్కడి పరిస్థితి. నేను ఇంకా నోరు తెరవలేదు.

అప్పుడు అవతల నుంచి ఓబులేసు గొంతు వినపడింది.

"ఆ, వస్తాండా!"

నేను జమ్మలమడుగులో పదిసార్లు అనిపించానే, అచ్చం అదే మాట, అదే వేగం. నేను పిలవలేదు. అతను ఎవరికి పలికాడు?

యంత్రాన్ని వదిలేశాను. మంచులో అతను వెళ్ళిన జాడలు పట్టుకుని, వంగి, ఒక్కొక్కటీ చేత్తో తడుముతూ జెండా దాకా వెళ్ళాను. జెండా ఉంది. మనిషి లేడు. అక్కడి నుంచి కొత్త జాడలు బయలుదేరాయి. నావైపు కాదు. ఎదురుగా, అవతలి వైపుకు. అటు ఏముందో పొద్దున ఎక్కేటప్పుడు పక్క నుంచి చూశాం. గాలికి మంచు ఇంటి చూరులా ముందుకు పెరిగి ఉంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, దాని కింద మాత్రం అర మైలు గాలి.

"ఆ, వస్తాండా" అని మళ్ళీ వినపడింది, ఇంకొంచెం దూరంగా. అంటే మళ్ళీ పిలిచారన్నమాట. ఆ పిలుపు నాకు వినపడలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే. పిలుపు వినపడలేదు, పలకడం మాత్రమే వినపడింది.

పదడుగులు వేశానో లేదో మబ్బు కాస్త పలచబడింది. నల్ల గొంగడి కనపడింది. నాకు ముప్పై అడుగుల దూరంలో, వీపు నావైపు, నింపాదిగా నడుస్తున్నాడు. అతని ముందు మంచు రంగు మారిపోయింది. తెలుపు తగ్గి నీలం తేలుతోంది. చూరు మొదలయ్యింది అక్కడే. నేను అతని వెంట పరుగెత్తితే ఇద్దరి బరువుకు అది తెగుతుంది. పిలవడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

"ఓబులేసూ!"

ఆగాడు. తిరగలేదు. తల కొంచెం పక్కకు వంచి నిలబడ్డాడు.

"ఓబులేసూ!"

కదలలేదు. అప్పుడు నాకు అర్థమైంది. లెక్కబెడుతున్నాడు. ముందు నుంచి ఒకటి పిలుస్తోంది, వెనుక నుంచి ఒకటి పిలుస్తోంది. ఏది మనిషో తేల్చుకోవడానికి నేను నవ్వి మాన్పించిన లెక్కనే మళ్ళీ తీశాడు. మూడోసారి పిలిస్తే చాలు.

నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆ రెండు అరుపులకే ఉన్న ఊపిరంతా అయిపోయింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు లేచాయి. మోకాళ్ళ మీద పడిపోయాను. నోట్లో నుంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. చెన్నమ్మ గుర్తొచ్చింది. దొడ్లో రొట్టె తిప్పుతూ అన్న మాట ఒక్కొక్క అక్షరమే గుర్తొచ్చింది. ఓబులేసు కుడికాలు ముందుకు ఎత్తాడు.

ఎత్తిన కాలును మళ్ళీ వెనక్కు పెట్టాడు. మెల్లగా మొత్తం తిరిగాడు. తన జాడల్లోనే అడుగులు వేస్తూ నేరుగా నా దగ్గరికి వచ్చి, చంకలో చెయ్యి వేసి లేపాడు.

"బిరీన పోదాం పా అప్పా. ఇది బాగలేదు" అన్నాడు.

సంజాయిషీ

ఆ రాత్రి పై గుడారంలో ఓబులేసు కుడికాలి బూటు విప్పితే రెండు వేళ్ళు బొగ్గు రంగులోకి తిరిగి ఉన్నాయి. తర్వాత వాటిని తీసేశారు. కాలికి గుడ్డ చుడుతుంటే అన్నాడు.

"మూడుతూర్లు పిలిస్తివి కాబట్టి తిరిగితినప్పా. ఒకటి తక్కువైనా పోయుందును."

నేను గుడ్డ ముడి బిగించాను. అనవలసింది ఉంది, అనలేదు.

కిందికి వచ్చాక ఆఫీసరు మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. మబ్బు విడిచాక మేము దిగుతుంటే తన యంత్రంలో చూశాడట. ఆ పాత దుర్భిణుల్లో బొమ్మ తలకిందులుగా కనపడేది, కానీ లెక్క తప్పేది కాదు. ముగ్గురు దిగుతున్నారని తన పుస్తకంలో వేళతో సహా రాసుకున్నాడు. ఇద్దరికే అనుమతి ఇస్తే మూడో మనిషిని, ఎవరో కూలీని, చెప్పకుండా ఎట్లా తీసుకుపోయావని నా మీద ఎగిరాడు. మూడోవాడు లేడని ఎంత చెప్పినా వినలేదు. "నేను ఒకసారి కాదు, మూడుసార్లు లెక్కబెట్టాను. వెనుక నడిచేవాడు ఎవడు?" అన్నాడు.

రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నాడు. మబ్బు మీద పడిన నీడ అయి ఉంటుందని రాసిచ్చాను. నా ఉద్యోగంలో నేను చూడనిదాన్ని చూసినట్టు రాసిన కాగితం అదొక్కటే. ఆయన తృప్తి పడలేదు గానీ ఫైలు మూసేశాడు.

ఓబులేసును పల్లెకు నేనే తీసుకొచ్చాను. చెన్నమ్మ ఎదురొచ్చి ముందు మొగుడి కాలు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"ఎన్ని తూర్లు పిలిచినావు నాయనా?"

"మూడు" అన్నాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ క్షణంలో నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఉద్యోగంలో తప్పుడు అంకె ఒక్కటీ రాయలేదని అందరి దగ్గరా గొప్పలు పోతాను. ఈ అంకె మాత్రం తప్పుడుదే.

చీనీ తోట

ఓబులేసు మళ్ళీ సర్వేకు రాలేదు. కొన్నేళ్ళు గొర్రెలు, ఆ తర్వాత బోరు పడితే బత్తాయి తోట, మావైపు చీనీ అంటాం. నేను దేశమంతా తిరిగి రిటైరై ప్రొద్దుటూరు చేరాను. వెళ్ళి చూడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ అబద్ధం అడ్డం పడుతూనే ఉండేది. చివరికి చెన్నమ్మ పోయిందని కబురు తెలిసి, ఇక ఆలస్యం చేస్తే చెప్పడానికి ఎవరూ మిగలరని, పులివెందుల బస్సెక్కాను.

తోట కంచె దగ్గర నిలబడి మూడుసార్లు పిలిచాను. నాకు అప్పటికే అది అలవాటైపోయింది. మూడో పిలుపుకే పలికాడు. కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చాడు. ఎండాకాలమైనా భుజం మీద గొంగడి ఉంది. చెట్టు కింద కూర్చున్నాం. చెన్నమ్మ సంగతి చెబుతూ కాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ధైర్యం తెచ్చుకున్నాను.

"ఓబులేసూ, నీకు ఒకటి చెప్పల్ల. ఆ పొద్దు నేను రెండుతూర్లే పిలిచినా. మూడోది నోట్లో నుంచి రాలేదు."

చీనీకాయ తొక్క తీస్తున్నవాడు తల ఎత్తలేదు.

"తెలుసులేప్పా."

"ఏంది తెలుసు?"

"రెండు నీ గొంతు. మూడోది మా అన్నది."

అతను తొనలు విడదీసి నా చేతిలో పెట్టి, ఇంటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"తిరిగి చూస్తే నువ్వు మోకాళ్ళ మీద ఉండావు. నీ ఎనకాలనే మా అన్న నిలబడుకోని ఉన్యాడు. పోయిన పొద్దు ఏ పంచె కట్టుకోని ఉన్యాడో అదే పంచె. ఆ మంచులో. దిగేటప్పుడు సగం దూరం ఎంట వచ్చినాడు. నువ్వు ఎనక్కు చూడలే."

"మరి ఇన్నేళ్ళూ యాల చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ నిలబెట్టి పదితూర్లు 'ఆ' అనిపిస్తావని."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. తనే మళ్ళీ అన్నాడు. "ఒక్క పిలుపుకే పోయినోడు గదప్పా ఆయప్ప. ఇంకొకరు పోకుండా చూస్తాండాడేమో. ఏం తప్పుంది అందులో?"

పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఓబులేసు చెప్పింది నిజమని నేను రుజువు చేయలేను. ఆఫీసరు పుస్తకంలో ముగ్గురని ఉంది, నా పుస్తకంలో ఇద్దరని ఉంది, రెండూ ఏ బీరువాలోనో మగ్గుతుంటాయి. కానీ కొండల్లో పుట్టి పెరిగినవాడు ఏదైనా పద్ధతి పెట్టుకున్నాడంటే, దానికోసం వాళ్ళింట్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. అర్థం కాకపోతే అడగండి. అడిగినా అర్థం కాకపోతే ఊరికే ఉండండి. నవ్వి మాన్పించకండి. మనిషిని కంటికి దూరంగా పంపినప్పుడు మూడుసార్లు పిలవడానికి సరిపడా ఊపిరి దాచుకోండి. నాకు ఆ రోజు అది లేకపోయింది.

సాయంత్రం బస్సు వేళకు లేచాను. "మళ్ళీ రా అప్పా" అన్నాడు. తోట దాటి బాట పట్టాను. రెండు వైపులా చెట్లు, మనిషి అలికిడి లేదు. సగం దూరం వెళ్ళానో లేదో వెనుక నుంచి పిలుపు వినపడింది.

"ఓ సర్వేరప్పా!"

ఓబులేసు గొంతే. కానీ నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. తిరగలేదు. మళ్ళీ వినపడింది. తల వంచి నిలబడ్డాను. ఆ మంచు మీద అతను ఎట్లా నిలబడ్డాడో నాకు అప్పుడు తెలిసింది. వీపంతా చెవులైపోయింది.

మూడోసారి వినపడింది. తిరిగాను.

దూరంగా కంచె దగ్గర ఓబులేసు నేను మరిచిపోయిన గొడుగు ఎత్తి పట్టుకుని పడీపడీ నవ్వుతున్నాడు. వెనక్కు నడిచి వెళ్ళి గొడుగు తీసుకున్నాను.

"నేర్చుకున్నావే!" అన్నాడు.

ఎన్నిసార్లు పిలిచావని నేను అడగలేదు.